రాజ్యం వీడినా రాగం వీడని రాజు

కళలను పోషించిన రాజులు మన చరిత్రలో అనేకులు. కళను స్వయంగా ఉపాసించిన రాజులు కొందరే. మైసూరు సంస్థానపు చివరి మహారాజు శ్రీ జయచామరాజేంద్ర ఒడయరు ఆ కొందరిలో ఒకరు. బెంగుళూరులో రవీంద్ర కళాక్షేత్రం ఉన్న జె.సి. రోడ్డు వారి పేరిటిదే. నిత్యం ఆ దారిన పోయే వేలాదిమందిలో ఆ పేరు వెనుకనున్న జీవితం ఎరిగినవారు అరుదు.

1919 జూలై 18న జన్మించిన ఒడయరుకు చిన్ననాటి నుండి పాశ్చాత్య సంగీతంపై మక్కువ ఎక్కువ. రష్యా దేశపు మహావిద్వాంసుడు రాఖ్మానినోవ్ వద్ద శిష్యరికం చేసి, తానుకూడ పియానో విద్వాంసుడు కావలెనన్నది వారి ఆకాంక్ష. కాని 1940లో కొద్ది నెలల వ్యవధిలోనే తండ్రి కంఠీరవ నరసింహరాజ ఒడయరు, పెదతండ్రి నాల్వడి కృష్ణరాజ ఒడయరు కన్నుమూశారు. ఇరవై యొక్క ఏండ్ల యువకుని శిరస్సుపై కిరీటం నిలిచింది. పియానో కల అక్కడితో ముగిసింది.

తనకు దక్కని భాగ్యాన్ని ఇతరుల సంగీతానికి కలిగించడంలో ఆయన తృప్తి వెదుకుకొన్నారు. లండన్‌లో అనారోగ్యంతో, ఆర్థిక ఇబ్బందులతో ఉన్న రష్యన్ స్వరకర్త మెట్నర్ రచనలను రికార్డు చేయించడానికి ధనసహాయం గావించారు. మెట్నర్ తన మూడవ పియానో కచేరీ రచనను కృతజ్ఞతగా మహారాజుకే అంకితమిచ్చారు. జర్మన్ స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ చివరిగా రచించిన నాలుగు గీతాలు ఆయన మరణానంతరం, 1950 మే 22న లండన్‌లో తొలిసారి వినిపించాయి. ఆ కచేరీ ఖర్చుకు పూచీపడినవారు మైసూరు మహారాజు.

రాజు చేసే దానం చివరకు ప్రజల కష్టార్జితమే కదా, దానిని సముద్రాల ఆవలి సంగీతానికి వెచ్చించుట తగునా అని అడగవచ్చు. అది అడగదగిన ప్రశ్నయే. అయితే ఆ ధనం విలాసాలలో కరగిపోలేదు. నేటికీ లోకం వినే సంగీతాన్ని అది నిలిపింది.

ఆయన హృదయం పాశ్చాత్య సంగీతంతోనే ఆగిపోలేదు. ఆస్థాన విద్వాంసులు మైసూరు వాసుదేవాచార్యుల సన్నిధిలో కర్ణాటక సంగీత మర్మాలను గ్రహించారు. తెలుగువారికి ఆచార్యులవారు పరాయివారు కారు. 1980లో విడుదలైన 'శంకరాభరణం' చిత్రం ద్వారా ఇంటింటా మ్రోగిన ఖమాస్ రాగపు 'బ్రోచేవారెవరురా' కీర్తన వారి రచనయే. కన్నడ దేశంలో పుట్టి తెలుగులో కీర్తనలు కట్టిన గురువుకు, సంస్కృతంలో కీర్తనలు రచించిన రాజు శిష్యుడయ్యాడు. సంగీతానికి భాషల సరిహద్దులు లేవనడానికి ఇంతకంటె నిదర్శనమేమి కావలెను? ప్రభువై యుండియు విద్య ఎదుట విద్యార్థిగా కూర్చొనడం ఆయన గొప్పతనం.

'శ్రీవిద్య' ముద్రతో ఒడయరు రచించిన కృతులు 94. అరుదైన రాగాలను చేపట్టి, వాటిలో దేవీతత్త్వాన్ని నిక్షేపించారు. అఠాణా రాగంలోని ఆయన గణపతి కీర్తనను పాడే గాయకులు నేటికీ ఎందరో. శ్రోతలలో అది ఒక మహారాజు రచన అని తెలియనివారే ఎక్కువ.

కాలం మారింది. 1947లో మైసూరు సంస్థానం భారతదేశంలో చేరింది. అదే సంవత్సరం బాధ్యతాయుత ప్రభుత్వం కోరుతూ ప్రజలు ఉద్యమించగా, అక్టోబరులో కోలారు జిల్లా క్యాసంబళ్ళికి చెందిన కె. చెంగలరాయ రెడ్డిగారు ప్రప్రథమ ముఖ్యమంత్రి అయ్యారు. సింహాసనాధీశుడు పిదప రాజప్రముఖుడై, అటుపై మైసూరుకు, మద్రాసుకు గవర్నరుగా పనిచేశారు. 1966లో సంగీత నాటక అకాడమీ ఫెలోషిప్ ఆయనను వరించింది. 1971లో రాజభరణాలు రద్దయి రాచరికపు చివరి ఆనవాళ్ళు సైతం తొలగిపోయాయి. 1974 సెప్టెంబరు 23న బెంగుళూరు రాజభవనంలో ఆయన పరమపదించారు. పెదతండ్రి కన్నుమూసినదీ ఆ భవనంలోనే.

సింహాసనం వంశపారంపర్యంగా వచ్చింది, కాలగతిలో పోయింది. సంగీతం మాత్రం సాధనతో వచ్చింది, అందుచేత నిలిచింది. విద్యాలయాలలో అడుగిడు ప్రతి బాలునకు, బాలికకు ఈ జీవితం ఉపదేశించే పాఠం ఇదే: పుట్టుకతో దక్కినదానిని కాలం తీసుకొనిపోగలదు, గురుముఖంగా నేర్చినదానిని తీసుకొనిపోజాలదు.