పన్నెండో వారంలో పెసరగింజంత గుండె: పాతబస్తీ గర్భిణుల తొలి స్కాన్‌పై ఒక పరిశీలన

హైదరాబాద్ పాతబస్తీలో పసిబిడ్డ గుండెకు ఏ జబ్బు ఉందన్నా ఇంటివాళ్ల నోట వచ్చే మాట ఒక్కటే. తెలుగువాళ్లు ‘గుండెకు చిల్లు’ అంటారు, ఉర్దూ మాట్లాడేవాళ్లు ‘దిల్ మే సూరాఖ్’ అంటారు. నిజానికి చిన్నచిన్న చిల్లులు చాలావరకు వాటంతటవే పూడుకుపోతాయి. ఈ వ్యాసంలో మాట్లాడేది వాటి గురించి కాదు. ఎడమ గది ఎదగని గుండె, బృహద్ధమని, పుపుస ధమని ఒకదాని చోట ఒకటి మొలిచిన గుండె, ఆ రెండింటికీ బదులు ఒకే ధమని ఉన్న గుండె: ఇవి చిల్లులు కావు, నిర్మాణమే దారి తప్పినవి. పుట్టే ప్రతి 1,000 మందిలో సుమారు 8 మందికి ఏదో ఒక గుండె లోపం ఉంటుందని అంచనా. ఎడమ గది ఎదగని స్థితి మాత్రం 10,000 మందిలో ఇద్దరికో ముగ్గురికో కనిపిస్తుంది.

ఇంత అరుదైనదాన్ని వెతకడానికి తగిన చోటు మూసీకి దక్షిణాన ఉంది. 2022 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం 44 ఆసుపత్రులకు, గర్భంలోని బిడ్డ అవయవ లోపాలను వెతికే టిఫా స్కాన్ యంత్రాలను 56 సమకూర్చినప్పుడు వాటిని ప్రారంభించింది పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలోనే. బయట డబ్బు పెట్టి చేయించుకోలేని తల్లులకు అది పెద్ద మేలు. అయితే టిఫా చేసేది 18 నుంచి 22 వారాల మధ్య, జనం మాటలో ‘ఐదో నెల స్కాన్’. బిడ్డ గుండెను మొదటిసారి నిదానించి చూసేది అప్పుడే కావడం ఆలస్యమని నా వాదన. ఆ చూపు మూడో నెలకు జరగాలి.

అది సాధ్యమే. పదో వారం దాటేసరికి గుండె గదులు, గోడలు, కవాటాలు ఏర్పడి ఉంటాయి. జర్మనీలో గెంబ్రుక్ బృందం యోని ద్వారా చేసే స్కాన్‌తో పదకొండో వారంలోనే పిండం గుండె లోపాన్ని గుర్తించి 1990లో ప్రచురించింది. లండన్‌లో నికొలాయిడిస్ బృందం పిండం మెడ వెనక నీటిపొర మందాన్ని కొలిచే పద్ధతిని స్థిరపరిచింది. క్రోమోజోములు సరిగ్గా ఉన్నా ఆ పొర 3.5 మిల్లీమీటర్లు మించితే గుండెను అనుమానించాలని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. మనం ‘ఎన్‌టీ స్కాన్’ అంటున్నది దీన్నే.

పన్నెండో వారంలో పిండం పొడవు సుమారు ఆరు సెంటీమీటర్లు, గుండె పెసరగింజంత. నిమిషానికి 160 సార్లు కొట్టుకునే ఆ గింజను తెరమీద పెద్దది చేసి కలర్ డాప్లర్ పెడితే, పై గదుల నుంచి కింది గదుల్లోకి రెండు రంగు ధారలు పక్కపక్కనే, దాదాపు ఒకే వెడల్పుతో దిగుతాయి. ప్రోబును కాస్త పైకి జరిపితే రెండు ధమనులు ఆంగ్ల ‘వి’ అక్షరంలా కలుస్తాయి. రెండు ధారలకు ఒకటే దిగినా, ‘వి’ బదులు ఒంటి గీత కనిపించినా చేయి ఆగాలి. చూడవలసింది ఇంతే, కానీ బిడ్డ తిరిగి పడుకున్నా, తల్లి పొట్ట మందంగా ఉన్నా ఈ మాత్రం చూడటానికే అరగంట పట్టవచ్చు. క్యూ బయట గుమ్మం దాకా ఉన్నప్పుడు ఆ అరగంట దొరకదు. గర్భలింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం స్కాన్ చేయవలసింది అర్హత ఉన్న డాక్టరే. అందువల్ల ఇక్కడ అసలు కొరత యంత్రానిది కాదు, శిక్షణ పొందిన చేతులది.

తొలి స్కాన్ అన్నీ పట్టేస్తుందని అనడం లేదు. పెద్ద లోపాల్లోనూ సగానికి అటూ ఇటూగానే ఈ దశలో తెలుస్తాయి. కొన్ని తర్వాతి నెలల్లోనే ముదురుతాయి. అందుకే టిఫా ఉండాల్సిందే. కానీ ముందుగా పట్టుకున్న ఆ సగం తల్లికి ఇచ్చేది వ్యవధి, ఆ వ్యవధి విలువ పాతబస్తీలో మరీ ఎక్కువ.

1990లో మక్కాలో సమావేశమైన ఇస్లామీ ఫిఖ్ మండలి, చికిత్సకు లొంగని తీవ్ర లోపం ఉందని నిపుణుల బృందం తేల్చితే, తల్లిదండ్రులు కోరితే, గర్భం నిలిచిన 120 రోజుల లోపు తీసివేయవచ్చని చెప్పింది. డాక్టర్లు లెక్కించే వారాల్లో అది సుమారు 19. అంటే ఐదో నెల స్కాన్‌లో సంగతి తెలిసేసరికి ఎన్నో ముస్లిం కుటుంబాలకు ఆ గడువు దాటిపోతుంది. గర్భస్రావ చట్టానికి 2021లో వచ్చిన సవరణ ఇలాంటి లోపాలకు 24 వారాల దాకా, ఆ పైన మెడికల్ బోర్డు ద్వారా వీలు కల్పించింది. అంతకుముందు 20 వారాలే హద్దు. 2008లో పిండానికి పూర్తి హార్ట్ బ్లాక్ ఉందని బొంబాయి హైకోర్టుకు వెళ్లిన దంపతులకు అనుమతి దొరకలేదు. చట్టం సడలింది కానీ మనస్సాక్షి గడువు సడలలేదు. ఆ తల్లి ఏ నిర్ణయం తీసుకున్నా, ఆలోచించుకునే వారాలు ఆమెకు దక్కాలి.

గర్భం ఉంచుకునే తల్లికీ ఈ వ్యవధి కావాలి. ధమనులు తారుమారైన బిడ్డ పుట్టగానే ఏడుస్తుంది, పాలు తాగుతుంది. ఒకటి రెండు రోజుల్లో, గర్భంలో తెరుచుకుని ఉన్న నాళం మూసుకుపోతుంటే నీలం తిరుగుతుంది. ముందే తెలిస్తే, ఆ నాళాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్ మందు సిద్ధంగా ఉన్నచోట, గుండె వైద్యుల అందుబాటులో కాన్పు జరుగుతుంది. తెలియకపోతే మూసీ దాటి నిలోఫర్ పిల్లల ఆసుపత్రికో, అక్కణ్నుంచి ఇంకోచోటికో నీలం తిరిగిన బిడ్డతో పరుగు.

మేనరికపు పెళ్లిళ్లలో, తల్లికి షుగరు ఉన్నప్పుడు ఈ ముప్పు పెరుగుతుంది. ఆ రెండూ మొదటి రోజే అడిగితే తెలిసేవి. ఆశా కార్యకర్త నెల తప్పిందని పేరు రాసుకునేటప్పుడే కార్డు మీద పన్నెండో వారపు తేదీ వేసి పంపవచ్చు. నాలుగో నెలలో మొదటిసారి వచ్చే తల్లిని ‘ఐదో నెలకు రామ్మా’ అని తిప్పి పంపకూడదు. పదహారో వారంలో గుండె ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, 120 రోజులకు అప్పటికి మూడు వారాలు మిగిలే ఉంటాయి.