రెండు బిందెల నీళ్ళు, ఒక తీర్పు

‘వ్యాజ్యం’ అనగానే మనకు ఇద్దరి నడుమ తగవు స్ఫురిస్తుంది. నష్టపడినవారే న్యాయస్థానం మెట్లెక్కాలన్నది పాత నియమం. మరి ఆ మెట్ల దాకా పోలేని ఆడకూతురి గతి ఏమిటి? పేదరికం వలన రాలేనివారి పక్షాన ఇతరులూ అర్జీ వేయవచ్చునని 1981లో ఎస్.పి. గుప్తా కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి స్థిరపరచారు. ప్రజాప్రయోజన వ్యాజ్యానికి అది పునాది.

ఆ పునాది మా నెల్లూరు తీరానికి ఎంతవరకు అక్కరకు వచ్చిందో చూద్దాం. 1990ల తొలినాళ్ళలో ఇక్కడ రొయ్యల గుంటలు వెల్లువలా వచ్చినవి. ఉప్పునీరు ఇంకి మంచినీటి బావులు చెడినవి. వరిమళ్ళు గుంటలైన చోట నాట్లు, కలుపుతీతల కూలి పోయింది. ఆ కూలి స్త్రీలది. దూరం నుంచి నీళ్ళు మోయవలసిన నెత్తి కూడా వారిదే. ఆరువందల మంది బెస్తలున్న కుర్రు గ్రామంలో తాగునీరు కరవై ఆడవారు ఎదురుతిరిగితే, ప్రభుత్వం ట్యాంకరు పంపింది. ఇంటికి రెండు బిందెలు. తాగడానికీ, స్నానానికీ, ఉతుక్కోవడానికీ అవే!

1994లో తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. 1996 డిసెంబరు 11న జస్టిస్ కులదీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్ తీర్పు చెప్పారు. సంప్రదాయ పద్ధతివి తప్ప, తీర నియంత్రణ మండలిలోని గుంటలను 1997 మార్చి 31లోగా తొలగించాలి; నష్టపడిన కుటుంబాలను గుర్తించి, కాలుష్యకారకుల చేత పరిహారం ఇప్పించాలి. రొయ్యల రాబడి కంటె నష్టమే ఎక్కువన్న నీరి సంస్థ లెక్కను ధర్మాసనం అంగీకరించింది.

అయితే పునస్సమీక్ష అర్జీలతో 1997లో కూల్చివేత ఆగింది. 2005లో పార్లమెంటు చేసిన చట్టం, తీర నియంత్రణ ప్రకటనలోని నిషేధం రొయ్యల సాగుకు 1991 నుంచే వర్తించదన్నది.

ఇదే జిల్లాలో 1992లో దూబగుంట స్త్రీలు ఎవరి వకాల్తా లేకుండానే సారా మీద లేచారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషిద్ధమైంది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం మాత్రం 1997లో సడలింది. కనుక వీధిపోరు గెలుపూ శాశ్వతం కాదు, కోర్టు గెలుపూ కాదు. ఐనా నోరులేని వారి గోడును దేశపు అత్యున్నత న్యాయపీఠం చేత వినిపింపజేసిన దారి తక్కువదని నేననను. ఒకరి తరఫున మరొకరు వ్యాజ్యం వేయవచ్చును. గెలిచినదానికి కాపలా మాత్రం బిందె మోసేవారే కాయవలసి వస్తున్నది. ఆ కాపలాలో వారికి తోడెవరన్నదే నా ప్రశ్న.

తీరగ్రామాల బావుల సంగతి ఎరిగిన మిత్రులు తెలియజేయ ప్రార్థన.