శోకము నుండి శాసనమునకు

పసిబిడ్డలు చదువుకొను చోట తుపాకి మ్రోగినదను వార్త వినినంతనే, ఏ దేశమునందైనను ప్రజల నోట మొదట వెడలు మాట యొక్కటియే: "వాడు మనుష్యుడు కాడు, రాక్షసుడు." ఈ మాటలో కోపమున్నది, దుఃఖమున్నది, కాని విచారణ లేదు. రాక్షసుడనినచో వాని రాకకు మనము బాధ్యులము కాము. మరల రాకుండ చేయదగిన పనియు మనకుండదు. అట్టి మాటతో తృప్తినొందక, శోకమును శాసనముగా మార్చుకొనిన యొక దేశపు వృత్తాంతమును నేడు చదువరుల యెదుట నుంచుచున్నాము.

స్కాట్లండులో డన్‌బ్లేన్ అను చిన్న పట్టణము కలదు. 1996వ సంవత్సరము మార్చి 13వ తేదీ ఉదయమున ఒకడు అచటి ప్రాథమిక పాఠశాల వ్యాయామశాలలో జొరబడి, అయిదారేండ్ల బిడ్డలపై కాల్పులు జరిపెను. కొలది నిమిషములలోనే 16 మంది బిడ్డలును, వారి ఉపాధ్యాయినియు మరణించిరి. పిదప వాడు తన్ను తానే కాల్చుకొనెను. వాని పేరు మేమిచట వ్రాయము. ఘోరకృత్యముచేత పేరు సంపాదింపవచ్చునను దురాశకు పత్రికలు తోడుపడరాదని మా మతము.

వాని చేతనున్న నాలుగు పిస్తోళ్లును దొంగిలించినవి కావు, ప్రభుత్వానుమతితో ఉంచుకొనినవి. బాలుర సంఘములు నడపుచుండిన యీతని నడవడినిగూర్చి తల్లిదండ్రులు పలుమార్లు ఫిర్యాదు చేసియుండిరి. ఇతని ఆయుధానుమతిని రద్దుచేయవలెనని పోలీసు ఉద్యోగి యొకడు 1991లోనే పైవారికి వ్రాసియుండెను. ఆ వ్రాత మూలబడెను. అనుమతి మరల పొడిగింపబడెను. కావున ఆ రాక్షసుడు ఆకాశమునుండి ఊడిపడలేదు. పెద్దల యుపేక్ష తెరచియుంచిన ద్వారమున నడచి వచ్చెను.

అప్పుడు ప్రజలేమి చేసిరి? చలికాలము తుదను ఆ సీమలో పూయు తెల్లని స్నోడ్రాప్ పువ్వు పేరిట ఒక యుద్యమము వెలసెను. సామాన్యుల యొద్ద పిస్తోలుండరాదని కోరుచు తయారుచేసిన మహజరుమీద కొలది నెలలలోనే 7 లక్షలకు మించి సంతకములు పడెను. గురిచూచి కాల్చుటను వినోదముగా నెంచువారు దీనికి అడ్డుచెప్పిరి. ఒక్కని పాపమునకు వేలకొలది నిరపరాధులను శిక్షింపవచ్చునా యని వారడిగిరి. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. విచారణాధికారియగు కల్లెన్ ప్రభువు సహితము కట్టుదిట్టములను సూచించెనేగాని సంపూర్ణ నిషేధమును కోరలేదు. అయినను ఒకరి వినోదమును, పరుల బిడ్డల ప్రాణమును తూచి చూచి, జనాభిప్రాయము ప్రభుత్వమును అంతకంటె ముందుకు నడపెను. 1997లో రెండు శాసనములు వచ్చెను. మొదటిది పెద్ద పిస్తోళ్లను నిషేధించెను. ప్రభుత్వము మారిన పిమ్మట వచ్చిన రెండవది చిన్నవానినిగూడ నిషేధించెను. పరిహారము పుచ్చుకొని ప్రజలు సుమారు 1,62,000 పిస్తోళ్లను అప్పగించిరి.

నాటినుండి బ్రిటనులో ఏ పాఠశాలయందును అట్టి సంహారము జరుగలేదు. కాని సత్యమును సగము మాత్రమే చెప్పరాదు. ఆ శాసనముల తరువాతను దొంగచాటుగా వచ్చిన పిస్తోళ్లతో నేరములు కొన్నియేండ్లు పెరిగెను. శాసనము ఒక తలుపును మూయగలదు, ఇల్లంతయు కాపాడజాలదు.

ఇక అమెరికాను చూడుడు. 2012 డిసెంబరు 14న న్యూటౌను పట్టణపు శాండీ హుక్ పాఠశాలలో 20 మంది బిడ్డలును, ఆరుగురు పెద్దలును హతులైరి. దేశమంతయు కన్నీరు కార్చెను. తుపాకి కొనువారి పూర్వచరిత్రను విరివిగా పరిశీలింపవలెనను బిల్లు 2013 ఏప్రిలులో సెనేటు ముందునకు వచ్చి, వలసిన 60 వోట్లకు 54 మాత్రమే పొంది పడిపోయెను. అచటి తల్లుల దుఃఖము డన్‌బ్లేను తల్లుల దుఃఖముకంటె తక్కువదా? కాదు. ఆయుధధారణము రాజ్యాంగమిచ్చిన హక్కను భావమచట దుఃఖమునకు దారి యీయలేదు. నేడచట పసివారు తలుపులు మూసికొని, చప్పుడుచేయక దాగుకొనుటను పాఠమువలె అభ్యసించుచున్నారు. పెద్దలు చేయని పని పిల్లలమీద పడినది!

అయినను మార్గము లేకపోలేదు. 1974 మొదలు 2000 వరకు జరిగిన ఇట్టి 37 ఘటనలను పరీక్షించి అమెరికా ప్రభుత్వ శాఖలు 2002లో ఒక నివేదికను ప్రకటించినవి. చంపువాని ముఖలక్షణ మిట్టిదని చెప్పుటకు వీలులేదని అందు తేలెను. అయితే పెక్కు సందర్భములలో వాని తలంపు తోటివారిలో ఎవరో ఒకరికి ముందే తెలిసియుండెను. మూడింట రెండు వంతులకు మించి తుపాకి వాని యింటనుండియో బంధువు నింటనుండియో వచ్చెను. వినిన మాటను పెద్దలతో చెప్పు ధైర్యము బాలునకు, దానిని కొట్టివేయక వినెడి ఓర్పు పెద్దలకు, ఆయుధమును తాళము క్రింద నుంచు బుద్ధి గృహస్థునకు కలిగినచో ఎన్ని ప్రాణములు నిలుచును! మన తెలుగువారి బిడ్డలనేకులు నేడు ఆ దేశమున చదువుచున్నారు గనుక ఇది మనకు పరాయి చింత కాదు.

డన్‌బ్లేనులో ఆ వ్యాయామశాలను పడగొట్టి, ఆ చోట బిడ్డల జ్ఞాపకార్థమొక తోట వేసిరి. తోట వేయుట సులభము. దానితో నిలిచిపోక, ఎచట తప్పినామని తమ్ము తామే యడిగికొనుట కష్టము. ఆ కష్టమునకు పాల్పడిన జనులకే తమ బిడ్డలను నిశ్చింతగా బడికి పంపు భాగ్యము లభించును.