విప్పని ఓట్ల పెట్టెలు

ఎన్నికల ఫలితాల రోజున టీవీకి అతుక్కుపోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. గెలిచినవాళ్ళ ఊరేగింపుల మీద అంత ఆసక్తి ఉండదు. ఓడినవాళ్ళు మైకు ముందుకొచ్చి ఏం మాట్లాడతారా అని చూస్తుంటాను. మామూలుగా ఓడిపోతే ఏవో నాలుగు మాటలు చెప్పొచ్చు. ఎక్కువ ఓట్లు వచ్చాయని ఊరంతా నమ్ముతుండగా, ఓడిపోయావని తేల్చేస్తే ఏం మాట్లాడాలి?

హామిల్టన్ మ్యూజికల్ పాటల పిచ్చిలో పడి, ఆ కాలం గురించి దొరికిందల్లా చదువుతుంటే ఈ ప్రశ్నకు సరిపోయే కథ ఒకటి తగిలింది. 1792 నాటి న్యూయార్క్ గవర్నర్ ఎన్నిక.

అప్పటికి జార్జ్ క్లింటన్ పదిహేనేళ్ళుగా గవర్నర్. 1777లో రాష్ట్రానికి రాజ్యాంగం వచ్చినప్పుడు, గవర్నర్ పదవి స్కైలర్ లాంటి పెద్ద జమీందారుకే దక్కుతుందని పెద్దింటివాళ్ళు అనుకున్నారు. గెలిచింది మాత్రం క్లింటన్. చిన్న రైతులు ఆయన వెంట ఉండేవారు. 1789కి ఆ పట్టు సడలింది, 429 ఓట్ల తేడాతో గట్టెక్కాడు. 1791లో ఆయన సభ్యుడిగా ఉన్న భూముల కమిషన్, ముప్ఫై ఆరు లక్షల ఎకరాలకు పైగా ప్రభుత్వ భూమిని ఎకరం ఎనిమిది పెన్నీల చొప్పున అలెగ్జాండర్ మెకూమ్ అనే వ్యాపారికి రాసిచ్చింది. దాంతో పెద్ద రచ్చయింది.

1792లో ఆయన మీద నిలబడింది జాన్ జే. ఆ రాష్ట్ర రాజ్యాంగం చిత్తుప్రతి రాసినవాడు, అప్పటికి అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి. ఆ పదవిలో ఉంటూనే గవర్నర్‌గా పోటీ చేశాడు. ఈ రోజుల్లో మనం ఊహించలేం కానీ, అప్పట్లో చెల్లింది! బానిసల విముక్తి కోసం పెట్టిన సంఘానికి జే అధ్యక్షుడిగా పనిచేశాడని గుర్తుచేసి, ఆయన గెలిస్తే మీ బానిసలు మీ చేతుల్లోంచి పోతారని ప్రత్యర్థులు ప్రచారం చేశారు. అదే జే ఇంట్లోనూ బానిసలున్నారు. గవర్నర్‌కు ఓటేయాలంటే వంద పౌన్ల విలువైన సొంత భూమి ఉండాలి. మనం 'ప్రజల తీర్పు' అంటున్నది ఎంతమంది తీర్పో కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఏప్రిల్‌లో పోలింగ్ జరిగింది. ప్రతి కౌంటీ నుంచి షరీఫ్ ఓట్ల పెట్టెను రాష్ట్ర కార్యదర్శికి చేర్చాలి. శాసనసభ ఉభయ సభల నుంచి ఎంపికైన పన్నెండు మంది కమిటీ లెక్క తేల్చాలి. చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఓట్సీగో కౌంటీ షరీఫ్ పదవీకాలం ముగిసింది, కొత్తగా నియమించిన మనిషి ఇంకా ప్రమాణం చేయలేదు. పెట్టెను పాత షరీఫే పంపించాడు. టియోగా పెట్టె తెస్తున్న డిప్యూటీకి దారిలో జబ్బు చేస్తే, దాన్ని ఇంకొకరికి అప్పజెప్పాడు. గవర్నర్ పేరే పెట్టుకున్న క్లింటన్ కౌంటీ పెట్టె, సరైన నియామకం లేని మనిషి చేతుల మీదుగా వచ్చింది.

ఓట్సీగోలో జేకి నాలుగు వందల దాకా మెజారిటీ ఉంటుందని అందరి అంచనా. అక్కడ పెత్తనం విలియం కూపర్‌ది. ఊరు కట్టినవాడూ, భూములమ్మినవాడూ, జడ్జీ అన్నీ ఆయనే. ఆయన కొడుకే తర్వాత నవలాకారుడైన ఫెనిమోర్ కూపర్. తన దగ్గర అప్పున్నవాళ్ళను బెదిరించి జేకి ఓట్లు వేయించాడని ఆయన మీద ఫిర్యాదులొచ్చాయి. అంటే ఆ పెట్టె తెరిచినా, లోపలున్నవన్నీ స్వేచ్ఛగా వేసిన ఓట్లేనని ప్రమాణం చేసి చెప్పలేం.

కమిటీ ఇద్దరు సెనేటర్ల సలహా అడిగింది. లెక్కపెట్టాలన్నాడు రూఫస్ కింగ్. వద్దన్నాడు ఆరన్ బర్. క్లింటన్ మనుషులే ఎక్కువున్న కమిటీలో ఏడుగురు మూడు కౌంటీల ఓట్లనూ పక్కన పెట్టారు, నలుగురు వ్యతిరేకించారు. క్లింటన్‌కు 8,440, జేకి 8,332. తేడా 108. ఆ తర్వాత ఓట్ల చీటీలను తగలబెట్టేశారు. మళ్ళీ లెక్కపెడదామంటే చీటీలే లేవు.

రాష్ట్రం భగ్గుమంది. సభలు పెట్టారు, తీర్మానాలు చేశారు. ప్రత్యేక సమావేశం పిలిచి క్లింటన్‌ను దించేయాలన్నారు. కోర్టు పని మీద ఊళ్ళు తిరిగి తిరిగొస్తున్న జేకి దారి పొడవునా జనం స్వాగతం పలికారు. ఆయన ఒక్క మాటంటే చాలు. కానీ, అభ్యర్థుల విషయంలో అభిప్రాయాలు తేడాగా ఉన్నంతమాత్రాన ఇరుగుపొరుగు మధ్య సఖ్యత చెడగొట్టుకోవద్దన్నాడు జే. అంతకుముందే భార్య శారాకి ఉత్తరం రాశాడు. కొన్నేళ్ళు పోతే అందరమూ మట్టిలో కలిసేవాళ్ళమే, అప్పుడు రాష్ట్రాన్ని ఏలానా లేదా అనేదానికంటే నన్ను నేను ఏలుకున్నానా అన్నదే నాకు ముఖ్యం, అని దాని సారాంశం.

మొదటిసారి చదివినప్పుడు నాకు ఇది పెద్దమనిషి డాంబికం లాగే అనిపించింది. పైగా ఆ మౌనానికి ఖరీదుంది. కమిటీ తప్పేమీ చేయలేదని 1793లో రాష్ట్ర అసెంబ్లీ తేల్చేసింది. ఎవరికీ శిక్ష పడలేదు. ఓట్సీగోలో ఓటేసినవాళ్ళకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. తన ఓటమిని తాను మన్నించే హక్కు జేకి ఉంది. వాళ్ళ ఓట్ల తరఫున మన్నించే హక్కు ఎక్కడిది?

ఎనిమిదేళ్ళ తర్వాత జరిగింది చదివాక నా అభిప్రాయం కొంత మారింది. 1795లో క్లింటన్ పోటీ చేయలేదు, జే గెలిచాడు. 1800 వసంతంలో ఆయనే గవర్నర్. బర్ నడిపిన ప్రచారంతో కొత్త శాసనసభ ప్రత్యర్థుల చేతికి పోయింది. అధ్యక్ష ఎన్నికలో న్యూయార్క్‌కున్న పన్నెండు ఎలక్టోరల్ ఓట్లను నిర్ణయించేది ఆ సభే. మే 7న హామిల్టన్ జేకి ఉత్తరం రాశాడు. పాత సభను వెంటనే పిలవండి, ఎలక్టర్లను జిల్లాల వారీగా ప్రజలే ఎన్నుకునేలా చట్టం మార్చండి, మరీ నియమాలు పట్టుకు వేలాడే సమయం కాదిది, అని. పైకి చూస్తే ప్రజాస్వామికంగానే ఉంది. ఫలితం తెలిశాక నిబంధన మార్చడమే అందులో కిటుకు.

జే ఆ ఉత్తరం వెనక ఒక వాక్యం రాసుకున్నాడు. ఇది పార్టీ ప్రయోజనాల కోసం ప్రతిపాదించిన పని, నేను చేయదగింది కాదని దాని అర్థం. తర్వాత దాన్ని పక్కన పెట్టేశాడు. చివరి లెక్కలో జెఫర్సన్‌కు, బర్‌కు చెరి 73, ఆడమ్స్‌కు 65. ఆ పన్నెండూ అటు తిరిగితే ఆడమ్సే మళ్ళీ అధ్యక్షుడు.

1792లో పెట్టెలు విప్పొద్దన్న బర్ ఈసారి ఉపాధ్యక్షుడయ్యాడు. క్లింటన్ 1801లో మళ్ళీ గవర్నరయ్యాడు. అంటే జే నిగ్రహం వల్ల లాభపడిందంతా ప్రత్యర్థులే. ఆ సంగతి ముందే తెలిసీ చేశాడు కాబట్టే, శారాకి రాసిన మాటను ఇప్పుడు డాంబికం అనలేకపోతున్నాను. ఓట్సీగో ఓటర్ల ప్రశ్నకు మాత్రం అందులో జవాబు లేదు.