యూనిక్స్‌లో తెరలు ఎప్పుడు దిగాయి?

కడియంలో ఒక నర్సరీ చౌక హోస్టింగ్ తీసుకుని మొక్కల వెబ్‌సైట్ పెట్టిందనుకుందాం. అదే లినక్స్ యంత్రంలో ఓ బట్టల కొట్టు సైటూ, ఓ పెళ్లి సంబంధాల సైటూ ఉండొచ్చు. ఒకరి గుట్టు మరొకరి కంట పడకూడదని మనం అనుకుంటాం. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ లినక్స్‌కు ఒరవడి అయిన యూనిక్స్ మొదలుపెట్టినప్పుడు ఆ బెంగ పెద్దగా లేదు. వాడేవాళ్లంతా తోటి ఉద్యోగులే.

అలాగని అసలు కట్టడే లేదనలేం. 1971 నాటి తొలి మాన్యువల్లోనే ఫైలు సొంతదారుకు ఒక అనుమతి, ఇతరులకు ఒక అనుమతి ఉన్నాయి. చిక్కంతా పాస్‌వర్డ్ ఫైలుతో వచ్చింది. ఫైళ్ల జాబితా చూపే ‘ఎల్ఎస్’ ఆదేశం సొంతదారు అంకెను పేరుగా మార్చాలంటే ఆ ఫైలునే చదవాలి. కాబట్టి దాన్ని అందరికీ తెరిచి ఉంచారు. అందులోనే గుప్తీకరించిన పాస్‌వర్డ్‌లూ ఉండేవి! గుప్తీకరించాం కదా, చూస్తే చూడనీ అన్న ధీమా. 1979లో రాబర్ట్ మోరిస్, థాంప్సన్ కలిసి రాసిన వ్యాసం ఆ ధీమాను సడలించింది: పరిశీలించిన 3,289 పాస్‌వర్డ్‌లలో 86 శాతం తేలిగ్గా దొరికిపోయేవే. అయినా వాటిని వేరే ఫైలులోకి మార్చి, మామూలు వాడుకరుల కంటికి దూరం చేయడానికి ఏళ్లు పట్టింది. యూనిక్స్ సిస్టమ్ ఫైవ్‌లో ఆ ‘షాడో’ ఫైలు 1988లో గానీ రాలేదు.

నడిచే ప్రోగ్రాంకు ఒక డైరెక్టరీయే లోకమంతా అనిపించే ‘సీహెచ్‌రూట్’ 1979లోనే వచ్చింది. కానీ ‘రూట్’ అనే సర్వాధికారం ఉన్నవాడు అందులోంచి బయటికి రాగలడు. దాన్ని నిజమైన గదిగా మార్చింది 2000లో యూనిక్స్ కుటుంబానికే చెందిన ఫ్రీబీఎస్‌డీ తెచ్చిన ‘జైల్’.

చాలా ఆలస్యంగా కప్పింది, నా లెక్కలో అన్నిటికంటే బట్టబయలుగా ఉన్నదాన్నే. ‘పీఎస్’ కొడితే ఎవరు ఏ ప్రోగ్రాం నడుపుతున్నారో, దానికి ఏ మాటలు ఇచ్చారో కనిపిస్తుంది. ఆదేశంలోనే పాస్‌వర్డ్ టైపు చేసినవాడి సంగతి చెప్పక్కర్లేదు. లినక్స్ 2012లో, 3.3 కెర్నెల్‌తో, ‘హైడ్‌పిడ్’ అనే మీట ఇచ్చింది. దాన్ని నిర్వాహకుడే నొక్కాలి. మామూలుగా ఆపేసి ఉంటుంది. ఇక కొత్త వాడుకరుల సొంత డైరెక్టరీల తలుపులు తొలినుంచే ఇతరులకు మూసి ఉంచాలని లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు నిర్ణయించింది 2021లో.