ఫిస్కే పద్దులో సుబ్బారావు జమ

1925లో ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’ 66వ సంపుటంలో 375వ పేజీ నుంచి 400వ పేజీ దాకా ఒక పరిశోధన పత్రం అచ్చయింది. ద్రావణంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును చూసి లెక్కగట్టే పద్ధతి గురించి. చదవడానికి వంటల పుస్తకమంత చప్పగా ఉంటుంది. రాసినవారు ఇద్దరు: హార్వర్డ్‌లో జీవరసాయన శాస్త్రం బోధించే సైరస్ ఫిస్కే, ఆయన దగ్గర పనిచేస్తున్న యల్లాప్రగడ సుబ్బారావు. ఆ శాస్త్రంలో అత్యధికంగా ఉటంకించిన పత్రాల్లో ఇదొకటి అవుతుందని అప్పట్లో ఆ ఇద్దరూ ఊహించి ఉండరు.

సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు దొర ప్రొఫెసరుకు కంటగింపై, చివరకు చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్. 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగాక పొట్టకూటికి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తే పనీ చేశారు. మూడేళ్ళు తిరిగేసరికి ఈ పత్రం.

పద్ధతిలో పెద్ద మాయేమీ లేదు. ఫాస్ఫేట్‌కు ఆమ్లంలో కరిగించిన మాలిబ్డేట్ కలుపుతారు. దానికి అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం చేరిస్తే నిమిషాల్లో నీలిరంగు తేలుతుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాన్ని పక్కన పెట్టి, కలరీమీటరులో రెండు రంగులనూ కంటితో పోల్చి చూడటమే. అంతకుముందున్న పద్ధతులు నిదానం. రక్తంలో, మూత్రంలో ఉండే ఇతర పదార్థాలు వాటి లెక్క చెడగొట్టేవి. ఇది చవక, త్వరగా తేలుతుంది, ఎవరి చేతిలోనైనా ఒకే జవాబు ఇస్తుంది.

అందుకే శాస్త్ర శాఖల గీతలు దాటి పాకింది. రక్తపరీక్షలు చేసే వైద్యులకు కావలసి వచ్చింది, ఎంజైముల వేగం కొలిచేవారికీ అక్కరకొచ్చింది. 1959లో బార్ట్‌లెట్ దాన్నే కాస్త మార్చి కొవ్వుల్లోని ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి రాస్తే, ఆ పత్రానికీ ఉటంకింపులు వెల్లువెత్తాయి. పరికరం లాంటి పత్రానికి ఉండే సౌలభ్యం ఇదే: సిద్ధాంతంతో విభేదించేవాడు కూడా కొలబద్ద మాత్రం అరువు తీసుకోక తప్పదు.

ఆ కొలబద్ద మొదట చూపించిన అద్భుతం కండరంలో. కండరం నుంచి తీసిన రసంలో నీలిరంగు ఉండవలసినంత చురుగ్గా రాలేదు. నెమ్మదిగా, నిమిష నిమిషానికీ చిక్కబడుతూ పోయింది. మరొకరైతే మందు పాతదైందని పారబోసేవారేమో. వీళ్ళు ఆ ఆలస్యం వెంటే పడ్డారు. ఆమ్లంలో మెల్లగా విరిగి ఫాస్ఫేట్‌ను విడిచే పదార్థమేదో అందులో ఉందని తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచే వస్తుందన్న అప్పటి నమ్మకానికి అది గట్టి దెబ్బ. కణాలకు శక్తినందించే ఏటీపీ విషయంలో మాత్రం గడియారం కలిసిరాలేదు. 1929లో వీరి ప్రకటన కంటే కొద్ది నెలల ముందే జర్మనీలో కార్ల్ లోమాన్ పత్రం వెలువడింది.

ఇక లెక్కల సంగతి. యూజీన్ గార్‌ఫీల్డ్ సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను 1964లో మొదలుపెట్టారు. ఎవరి పత్రాన్ని ఎవరు ఉటంకించారో చూపే బృహత్తర జాబితా అది. అచ్చు సంపుటాల్లో ఉటంకితమైన పత్రాన్ని మొదటి రచయిత పేరు కిందే చేర్చేవారు. అంటే 1925 నాటి పత్రానికి వచ్చిన ఉటంకింపులన్నీ ఫిస్కే పద్దులోకి పోయాయి. ‘ఎస్’ అక్షరం దగ్గర సుబ్బారావు కోసం వెతికేవాడికి అవి దొరకవు. నా దృష్టిలో ఇది కుట్ర కాదు, గుమాస్తా సౌలభ్యం. అయినా అన్యాయం అన్యాయమే.

హార్వర్డ్ సుబ్బారావుకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే ప్రయోగశాలలకు మారారు. అసలైన పంట అక్కడే పండింది. జమ మాత్రం మరీ పలచబడింది. ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన పత్రం మీద చాంతాడంత రచయితల జాబితా ఉంటుంది, అందులో ఈయన ఒకరు. ఆ ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌తో పిల్లల్లో ల్యుకేమియా తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గుతుందని వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948 జూన్‌లో రాసిన పత్రం కేన్సర్ చికిత్స చరిత్రలో మైలురాయి. మందు వెళ్ళింది సుబ్బారావు నడిపిన ప్రయోగశాల నుంచి. ఐదుగురు రచయితల్లో ఆయన లేరు. బెంజమిన్ డగ్గర్ అదే ఏడాది లోకానికి చెప్పిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కథా అంతే. పరిశోధన విభాగాన్ని నడిపే మనిషి దారి చూపుతాడు, మనుషుల్ని కూడగడతాడు. ఆ పనికి పత్రంలో గడి ఉండదు.

ఆ ఏడాది ఆగస్టులోనే, 53 ఏళ్ళకే, సుబ్బారావు కన్నుమూశారు.

లెడర్లేలో ఆయన బృందం తయారుచేసిన మరో మందు హెట్రజాన్, అంటే డైఇథైల్‌కార్బమజిన్. బోదకాలుకు కారణమైన పరాన్నజీవి పురుగుల మీద పనిచేస్తుంది. తెలుగు జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, ఎదురుగా నిలబడి మింగించే డీఈసీ మాత్ర అదే. మాత్ర మింగినవాళ్ళెవరూ ఎవరినీ ఉటంకించరు కాబట్టి, ఏ ఇండెక్స్‌లోనూ ఆ లెక్క చేరదు.