సాదా పాఠం నుంచి హెచ్‌టీఎంఎల్ ఉత్తరం వరకు: సర్వర్ స్క్రిప్టు పంపే ఈ-మెయిల్ చరిత్ర

ఉద్దేశ్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- సర్వర్ స్క్రిప్టు ద్వారా వెళ్లే ఈ-మెయిల్ ఏయే దశలలో రూపొందిందో వివరించగలుగుతారు.
- అందులోని భద్రతా లోపాలకు చారిత్రక కారణాలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

పరీక్ష రుసుము చెల్లించిన కొద్దిసేపటికే మీ పేరు, ప్రవేశ సంఖ్య, చెల్లించిన మొత్తం ఉన్న రశీదు ఈ-మెయిల్‌లో వస్తుంది. దాన్ని ఏ గుమాస్తా కూర్చుని రాయలేదు. వెబ్ సర్వర్‌లోని స్క్రిప్టు డేటాబేస్ నుంచి మీ వివరాలు తీసుకొని, హెచ్‌టీఎంఎల్ నమూనాలోని ఖాళీలను పూరించి పంపింది. ఈ చిన్న పని వెనుక వేర్వేరు కాలాలలో, వేర్వేరు అవసరాల కోసం పుట్టిన ఏర్పాట్లు ఉన్నాయి. వాటి బలమూ బలహీనతా రెండూ మనకు వారసత్వంగా వచ్చాయి.

2. సాదా పాఠం దశ

1982 ఆగస్టులో రెండు ప్రమాణ పత్రాలు వెలువడ్డాయి. జోనథన్ పోస్టెల్ రాసిన ఆర్ఎఫ్‌సీ 821 ఉత్తరాన్ని చేరవేసే పద్ధతిని, అంటే ఎస్ఎంటీపీని నిర్ణయించింది. డేవిడ్ క్రాకర్ రాసిన ఆర్ఎఫ్‌సీ 822 ఉత్తరం స్వరూపాన్ని నిర్ణయించింది. దాని ప్రకారం మొదట శీర్షిక పంక్తులు, తరువాత ఒక ఖాళీ పంక్తి, ఆపై విషయం ఉండాలి. ఇందులో రెండు పరిమితులు ఉన్నాయి. మొదటిది, ఏడు బిట్ల ఆస్కీ సంకేతాలు 128 మాత్రమే కావడంతో తెలుగు అక్షరాలకు చోటు లేదు. రెండవది, పంపినవారి చిరునామా నిజమైనదో కాదో పరీక్షించే ఏర్పాటు లేదు.

3. మైమ్ రాక

1992 జూన్‌లో నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ ఆర్ఎఫ్‌సీ 1341 ద్వారా మైమ్‌ను ప్రతిపాదించారు. పాత తపాలా మార్గాన్ని మార్చకుండానే కొత్త సరుకు పంపడం వీరి ఉపాయం. విషయం ఏ రకానిదో శీర్షికలో తెలుపుతారు. ఆస్కీలో ఇమడని డేటాను బేస్64 పద్ధతిలో ఆస్కీ గుర్తులుగా మారుస్తారు. ఒకే ఉత్తరాన్ని సాదాగానూ, అలంకృతంగానూ రెండు రూపాలలో జతచేసే వీలునూ కల్పించారు. హెచ్‌టీఎంఎల్ ఒక మైమ్ రకంగా 1995 నవంబరులో ఆర్ఎఫ్‌సీ 1866 ద్వారా నమోదైంది.

4. స్క్రిప్టు చేతికి తపాలా

1993లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్ఏ బృందం రూపొందించిన సీజీఐతో వెబ్ సర్వర్ బయటి ప్రోగ్రాములను నడపగలిగింది. పెర్ల్ స్క్రిప్టులు ఫారంలోని వివరాలను ఎరిక్ ఆల్‌మన్ రాసిన సెండ్‌మెయిల్‌కు అందించసాగాయి. 1995 జూన్‌లో రాస్మస్ లెర్డార్ఫ్ పీహెచ్‌పీని విడుదల చేశాడు. ఆ భాషలోని మెయిల్ ఫంక్షన్‌కు గ్రహీత, విషయ శీర్షిక, పాఠం, అదనపు శీర్షికలు ఇస్తే చాలు. హెచ్‌టీఎంఎల్ అని శీర్షికలో చెప్పకపోతే మాత్రం గ్రహీతకు ట్యాగులే కనిపిస్తాయి.

5. నమ్మకానికి చెల్లించిన మూల్యం

శీర్షికలను వేరుచేసేది పంక్తి విరుపు మాత్రమే. ఫారంలో నింపిన చిరునామాను పరీక్షించకుండా శీర్షికలో చేర్చితే, దుండగుడు అందులోనే పంక్తి విరిచి మరో బీసీసీ శీర్షికను చొప్పించగలడు. అప్పుడు సంస్థ సర్వరే చెత్త ఉత్తరాల పంపిణీ కేంద్రమవుతుంది. అందుకే వచ్చిన ప్రతి వివరాన్నీ వడపోయాలి. పాఠంలో చేర్చే పేర్లలోని ట్యాగు గుర్తులను నిర్వీర్యం చేయాలి. పంపే డొమైన్‌ను పరీక్షించే ఎస్‌పీఎఫ్ 2006లో, డీకేఐఎం 2007లో ఆర్ఎఫ్‌సీలుగా వచ్చాయి. 1982లో వదిలేసిన పనికి ఇవి ఆలస్యపు మరమ్మతులు. ఇవి లేని సర్వర్ నుంచి వచ్చిన నిజమైన రశీదు కూడా స్పామ్‌లో పడి, విద్యార్థి గడువు దాటిపోవచ్చు.

6. తెలుగు ఉత్తరం

యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి. బేస్64 ప్రతి మూడు బైట్లను నాలుగు ఆస్కీ గుర్తులుగా మారుస్తుంది. ‘తెలుగు’ అనే మాటలో గుణింతపు గుర్తులతో కలిపి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. అది 24 గుర్తులుగా ప్రయాణించి, మీ తెరపై మళ్లీ తెలుగు అవుతుంది. అక్షర సంకేత పద్ధతి పేరు శీర్షికలో తప్పితే చేరేది అర్థంకాని గుర్తులే.

సారాంశం

ఈ-మెయిల్ చరిత్రలో పాతదాన్ని కూల్చి కొత్తది కట్టలేదు. పాత గోడలపైనే అంతస్తులు లేపారు. అందువల్ల 1982 నాటి నమ్మకాన్ని నేటి స్క్రిప్టు రాసేవారు పరీక్షగా మార్చుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మైమ్ పాత తపాలా మార్గాన్ని మార్చకుండా కొత్త అవసరాలను ఎలా తీర్చింది?
2. శీర్షిక చొప్పింపుకు ఆర్ఎఫ్‌సీ 822 నిర్మాణంతో గల సంబంధాన్ని వివరించండి.